ఊదకూడని మైకు

మా మైకుసెట్టు మామ పోయాడని ఆయన కూతురు ఆమధ్య ఓరోజు పొద్దున్నే సిరిగేరి నుంచి ఫోన్ చేసింది. అయ్యో అనాల్సింది పోయి, "ఆ పాత మైకు ఎక్కడుంది?" అని అడిగాను. సిగ్గేసింది. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. మీకైనా చెప్పుకోకపోతే ఉండలేను.

భజనలకూ నాటకాలకూ మైకులు అద్దెకిచ్చేవాడు. బంధువు కాదు, పిలుపు అలవాటైంది. ఆయన దగ్గర పాతకాలపు రిబ్బన్ మైకు ఒకటుండేది. లోపల ఉల్లిపొరకంటే పలుచని రేకు. గట్టిగాలి తగిలితే సాగిపోతుంది, చిరిగినా చిరుగుతుంది. దానికి మల్లుగుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకునే బస్సులో కూర్చునేవాడు.

"గొంతు పోతే మిరియాల కషాయముండాది. ఈ రేకు పోతే ఏముండాదమ్మా?" అనేవాడు.

పాడేవాళ్ళలో దాన్ని నాకే ఇచ్చేవాడు. "నీ గొంతులో ముండ్లుండాయి. ఇది నున్నగా చేస్తాది" అని ఏడిపించేవాడు. ఒళ్ళు మండేది. కానీ జానెడు దూరంలో నిలబడి పాడితే నా గొంతు నాకే ముద్దొచ్చేది.

తెక్కలకోట జాతరలో ఓ సాయంత్రం మామ గుడ్డ విప్పి, వైరు చూసుకోవడానికి వెళ్ళాడు. పనిచేస్తోందో లేదోనని బెదురుకొద్దీ మైకులోకి "ఫూ" అని ఊదాను. చప్పుడు రాలేదు. ఇంకా గట్టిగా ఊదాను. యాంప్లిఫయర్ ఇంకా వేయనేలేదని నాకేం తెలుసు! తీరా పాట ఎత్తుకుంటే కుండలో తలపెట్టి పాడినట్టుంది. ఊరి పెద్దలు ఆయన మీద పడ్డారు.

"ఏందప్పా, డబ్బా మైకు తెచ్చి మా మర్యాద తీసినావు?"

"గాలికి పోయిండాది సామీ. గుడ్డ ముందే తీసినా, నాదే తప్పు."

నేను పక్కనే సోడా తాగుతూ నిలబడ్డాను. తర్వాత కొత్త రేకు వేయించాడు, ఆ నునుపు మాత్రం రాలేదు. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. రేపు, రేపు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

మామ పోయిన మూడోరోజు వాళ్ళింటికి వెళ్ళి ఆయన భార్య చేయి పట్టుకున్నాను. "ఆ పొద్దు తెక్కలకోట జాతరలో మైకు చెడగొట్టింది నేనే అత్తా. ఊదినా."

"హౌదా, నిజమా?" అంది. చేయి వెనక్కి తీసుకుంది. "గుడ్డ తీసిందే తప్పని సచ్చేదాకా తన్ను తానే తిట్టుకున్యాడే! ఆ ఊరోల్లు మళ్ళా ఆయన్ని పిలిచింటే ఒట్టు. నాకెందుకు చెప్తాండావు? ఆడుండాడు, పోయి చెప్పు."

గోడవార పీట మీద ఫోటో, చామంతి దండ. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఊళ్ళకు ఊళ్ళు వినేలా పాడినదాన్ని. "మామా" అన్నాక నోరు పెగల్లేదు. పూలు పట్టుకుని వెనక నిలబడినవాళ్ళు "రవ్వంత జరగమ్మా, జరుగు" అంటున్నారు.