ఐస్ బకెట్‌తో ప్రిపేరైన మాస్టారు

2023 ఎండాకాలం. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఆఖరి స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పొట్ట జబ్బుల విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా డాక్టరుగారు నాకు సెన్సరీ టెస్టింగ్, అంటే ఒంట్లో ఎక్కడ ఎంత ఒత్తితే నొప్పి తెలుస్తుందో కొలవడం, నేర్పించి, ఒక చిన్న గది అప్పగించారు. క్లోమగ్రంథి, అంటే పాంక్రియాస్, ఏళ్ల తరబడి వాచి పాడైనవాళ్లకు చేసే పరీక్ష ఇది. ఆల్గోమీటర్ అనే చేతి పరికరం మొనతో పొట్ట మీద, వీపు మీద, భుజం మీద, కాలి మీద మెల్లగా ఒత్తుతూ పోతాం. నొప్పి మొదలవగానే రోగి 'ఆపు' అనాలి. తర్వాత ఒక చెయ్యి ఐస్ నీళ్లలో పెట్టించి, ఆ బాధకి ఈ నొప్పి తగ్గుతుందో లేదో మళ్లీ ఒత్తి చూస్తాం.

నొప్పి పొట్ట చుట్టుపక్కలే ఉంటే గ్రంథికి చేసే వైద్యం పనిచేసే అవకాశం ఎక్కువ. జబ్బుతో సంబంధం లేని కాలి మీద ఒత్తినా ఓర్చుకోలేకపోతే, నొప్పి మోసే నరాల వ్యవస్థే అతిగా స్పందిస్తోందని అనుమానించాలి. అలాంటప్పుడు గ్రంథిని కోసినా నొప్పి మిగిలిపోవచ్చు. ముందు నరాల నొప్పి మందు వాడి చూడటం మేలు. "ఇది జాతకం కాదమ్మా, టార్చిలైటు. దారి కొంచెం కనిపిస్తుంది, అంతే" అనేవారు డాక్టరుగారు.

వెంకటేశ్వర్లుగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మందు చుక్క ముట్టని మనిషి. అయినా ఈ జబ్బు పేరు చెప్పగానే ప్రతివాడూ "తాగుతారా?" అని అడిగి ఆయన్ని విసిగించాడు. ఇంకో ఆసుపత్రిలో గ్రంథి నాళంలో స్టెంట్, అంటే సన్నటి గొట్టం, వేయించుకున్నా నొప్పి పోలేదు. ఇక మిగిలింది గ్రంథిలో కొంత భాగం తీసేసే పెద్ద ఆపరేషన్. దానికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ డాక్టరుగారు ఆయన్ని నా దగ్గరికి పంపారు.

పొట్ట మీద మొన ఆనీ ఆనకముందే "ఆపండమ్మా!" అన్నారు. కాలి మీద ఎంత ఒత్తినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. నా చెయ్యే నొప్పి పుట్టింది. ఐస్ నీళ్లలో చెయ్యి పెట్టి, కిటికీలోంచి విజయవాడ బస్సులు చూస్తూ కూర్చున్నారు. దవడలు మాత్రం బిగుసుకుని ఉన్నాయి.

"సార్, నొప్పి లేస్తే చెప్పాలె. ఓర్చుకునుడు కాదు ఇది" అన్నాను.

"అబ్బే, బానే ఉందమ్మా. ఎంతవరకు వచ్చింది? క్వాలిఫై అవుతానా?"

క్వాలిఫై ఏమిటి! బయటికి వచ్చి ఆయన భార్య పద్మగారిని నిలదీశాను.

"ఏం చెప్పమంటావమ్మా" అన్నారావిడ. "కాలి మీద తట్టుకుంటే ఆపరేషన్ చేస్తారు, లేకపోతే మాత్రలిచ్చి పంపేస్తారని ఇక్కడ బెంచీ మీద ఎవరో చెప్పారట. అప్పట్నుంచీ జ్యూస్ షాపులో ఐస్ తెచ్చుకుని, బకెట్లో చెయ్యి పెట్టి ప్రాక్టీసు! వద్దంటే, మాక్ టెస్ట్ రాయకుండా ఎవడైనా పరీక్షకి వెళ్తాడా అంటారు."

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరుగారికి చెబితే నవ్వి, ఇంకో రోజు మళ్లీ చెయ్యమన్నారు. నవ్వడానికి ఆయనకేం, ఒత్తేది నేను కదా!

రెండోసారి వచ్చినప్పుడు నేను ఓర్చుకోవద్దన్నానని, ఇప్పుడు అదే సరైన జవాబనుకుని, ఎక్కడ ముట్టుకున్నా "ఆపండి" అనడం మొదలుపెట్టారు. ఉత్త వేలు ఆనించినా అదే జవాబు. నేను పరికరం బల్ల మీద పెట్టేశాను.

"సార్, మీ క్లాసుల ఎవడన్న కాపీ కొట్టి సీటు తెచ్చుకుంటే, రేపు ఆ చదువు ఎవరు చదవాలె? వాడే గదా! మీరు మొన్నటిలెక్క దొంగ జవాబు చెప్తే కోసేది మిమ్మల్నే. కోసినంక గూడ నొప్పి ఉంటే ఏం జేస్తరు?"

ఆయన నెమ్మదిగా అన్నారు. "మాత్రలంటే భయం సిస్టర్. మాత్రలిచ్చారంటే ఇక బాగుకాదనేగా అర్థం? ఆపరేషనైతే అటో ఇటో తేలిపోతుంది. బోర్డు వైపు తిరిగి ఏడ్చి, మళ్లీ పిల్లల వైపు తిరిగి పాఠం చెబుతున్నాను. ఇలా ఎన్నాళ్లు ఉంచుకుంటారు నన్ను సెంటర్లో?"

నా కోపం సగం దిగింది. మాత్రలంటే వదిలేయడం కాదని, అదీ వైద్యమేనని చెప్పాను. అంకెలు కనిపించకుండా పరికరం తిప్పి పట్టుకుని, ఆయన్ని కళ్లు మూసుకోమన్నాను. ఎప్పుడు ఒత్తుతానో, ఎప్పుడు ఊరికే ఆనిస్తానో చెప్పలేదు. పద్మగారు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

ఊరికే ఆనించినప్పుడు ఆయన ఏమీ అనలేదు. ఈసారి జవాబులు నిజమని నాకు అప్పుడే తెలిసింది. మామిడిపండు మెత్తబడిందో లేదో చూసేంత ఒత్తానో లేదో, "ఆపండి" అన్నారు. అది కాలు.

"కాలి మీద కూడానా అండీ?" పద్మగారు గుమ్మం దాటి లోపలికి వచ్చారు. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే ఏం చేస్తావే" అన్నారాయన కళ్లు తెరవకుండానే.

"ఏమీ చెయ్యలేను. తెలిసుండేది కదా!"

డాక్టరుగారు ఆపరేషన్ వాయిదా వేసి నరాల నొప్పి మందు మొదలుపెట్టారు. మొదట్లో ఒకటే మత్తుగా ఉందని ఫోన్ చేసి నా ప్రాణం తీశారు. మోతాదు సర్దాక మెల్లగా నిద్ర పట్టింది. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ క్లాసు మధ్యలో బోర్డు వైపు తిరగాల్సిన అవసరం రావట్లేదన్నారు. అప్పటినుంచి ఎవరు వచ్చినా, ఆల్గోమీటర్ పట్టుకునే ముందే "ఈ పరీక్ష గురించి బయట ఏం విన్నరు?" అని అడుగుతున్నాను. ఏమీ వినకుండా వచ్చినవాడు ఇంతవరకు ఒక్కడూ లేడు.

కొన్నాళ్లకు చెకప్‌కి వచ్చినప్పుడు, మాస్టారు అదే బెంచీ మీద కూర్చుని, బాటసింగారం పండ్ల మార్కెట్ హమాలీ ఒకతనికి ఏదో బోధిస్తున్నారు. "సార్, ఈడ గూడ కోచింగ్ మొదలుపెట్టిన్రా?" అని కసిరి అతన్ని లోపలికి తీసుకెళ్లాను.

మొన ఆనగానే "ఆపు" అన్నాడతను. వెంటనే, "గట్ల అంటే పాసైనట్టేనా అక్కా?" అని అడిగాడు.

తల పట్టుకుని మాస్టారిని లోపలికి పిలిచాను. "మీ స్టూడెంటు. మీరే చెప్పుకోండి."

ఆయన అతని పక్కన కూర్చున్నారు. "పాసూ ఫెయిలూ లేదు తమ్ముడూ. ఎక్కడ నొప్పో అక్కడే చెప్పు. నేను ఇంట్లోవాళ్ల దగ్గర కూడా దాచాను. కొద్దిలో తప్పింది గానీ, అనవసరంగా కడుపు కోయించుకునేవాణ్ని."

పరీక్షకు ముందు నేను చెప్పిందీ అదే. హమాలీ తల ఊపింది మాత్రం ఆయన చెప్పాకే.