లెఫెవ్ర్ వారి పలకని అక్షరం

కోరాడ సూర్యారావుకు మనుషుల పేర్లతో పనిలేదు. ఇంటిపేరు కావాలి. రాయపూర్ గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేరిన పదహారేళ్లలో ఆయన ఎవరినీ "బాగున్నారా" అని పలకరించిన పాపాన పోలేదు. "తమ ఇంటిపేరు?" అని మొదలుపెట్టేవాడు. అవతలివాడు చెప్పాక, అది ఏ ఊళ్లో పుట్టిందో, ఏ రాజు కాలంలో పుట్టిందో, ఎందుకు పుట్టిందో పూర్తిగా వినిపించేదాకా చొక్కా గుండీ వదిలేవాడు కాదు. ఈలోగా అవతలివాడి రైలు వెళ్లిపోతే అది రైల్వేవారి తప్పు.

ఆయన భార్య పార్వతమ్మకు ఇదొక తలవంపు. "ఇంటిపేరు అడిగితే కులం అడుగుతున్నారనుకుంటారండీ," అని మొత్తుకునేది.

"కులం నాకెందుకే? నేను చరిత్ర అడుగుతున్నాను," అనేవాడాయన.

ఒక వానాకాలం నూట మూడు జ్వరంతో ఆయన్ని రిక్షాలో వేసుకుని కొత్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు నాడి పట్టుకుని "ఏమిటి బాధ?" అన్నాడు. సూర్యారావు కళ్లు తెరవకుండానే, "బోర్డు మీద వి అని ఒక్క అక్షరం రాశారు. పూర్తి ఇంటిపేరు?" అన్నాడు. డాక్టరు సిగ్గుపడుతూ "వంకాయల" అన్నాడు. అంతే, సూర్యారావు లేచి కూర్చున్నాడు. కరువులో ఒక మహానుభావుడు తన వంకాయ తోటంతా ఊరికి వండిపెట్టాడనీ, అప్పటినుంచీ ఆ ఇంటికి ఆ పేరొచ్చిందనీ చెప్పి చెమట పట్టించుకున్నాడు. జ్వరం దిగింది. మర్నాటికి డాక్టరుగారి బోర్డు మీద వంకాయల అని పూర్తిగా వెలిసింది.

పక్క క్వార్టరు దాలమ్మ ఇంటిపేరు పిల్లి. రైల్వే కాలనీ పిల్లలు ఆమె కనబడితే మ్యావ్ అనేవారు. సూర్యారావు వాళ్లను వరసగా కూర్చోబెట్టి, ఒకప్పుడు రాజుగారి ధాన్యపు కొట్లను ఎలుకల దండు నుంచి కాపాడిన వీరుడి వంశం అది అని గంటసేపు చెప్పాడు. ఆ తర్వాత మ్యావ్ ఆగిందో లేదో గానీ, దాలమ్మ తల ఎత్తుకుని కుళాయి దగ్గరికి రావడం మొదలుపెట్టింది.

డెబ్బై రెండులో, ఎండలు ముదురుతుండగా, దాలమ్మ వెనక గదిలోకి అన్నమ్మ అనే అమ్మాయి అద్దెకు దిగింది. కాకినాడ దగ్గర యానాం వాళ్లది. ఊళ్లోనే గుఢియారీ పేట బళ్లో టీచరు ఉద్యోగం వచ్చిందట. ట్రంకుపెట్టె రిక్షాలోంచి దిగకముందే సూర్యారావు గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"ఇంటిపేరేంటి తల్లీ?"

అన్నమ్మ నేల చూపులు చూస్తూ, "లెఫెవ్ర్ అండి," అంది.

పార్వతమ్మ ఉపన్యాసం కోసం స్తంభానికి ఆనుకుని నిలబడింది. సూర్యారావు నోరు తెరిచాడు, మూశాడు. "నాకు తెలీదమ్మా. కనుక్కుంటాను," అన్నాడు. పదహారేళ్ల కాపురంలో ఆయన నోట ఆ మాట ఆమె అదే మొదటిసారి వినడం.

కాలనీకి లెఫెవ్ర్ నోరు తిరగలేదు. హిందీలో కవరుని లిఫాఫా అంటారు కదా, వారం తిరక్కుండా ఆ అమ్మాయి లిఫాఫా అన్నమ్మ అయిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. కుళాయి దగ్గర దాలమ్మే పార్వతమ్మతో గొంతు తగ్గించి, "యానాం మొన్నమొన్నటిదాకా ఫ్రెంచోళ్లదే గదా వదినా. వంశంలో ఏ దొరో కలిసుంటాడు. లేపోతే ఆ పేరెక్కడిది, సోచో, ఆలోచించు," అంది. బిందె పట్టుకుని వెనక నిలబడ్డ అన్నమ్మ నీళ్లు పట్టుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఏడుస్తూ వచ్చింది. ఏడుపు దాలమ్మ మాటకు కాదు. మెట్రిక్ సర్టిఫికెట్లో ఇంటిపేరు మధ్య ఒక బి ఉంది. ట్రైనింగ్ సర్టిఫికెట్లో లేదు. తెలీబంధా పేటలో బడుల ఆఫీసు హెడ్‌క్లర్కు రెండూ పక్కపక్కన పెట్టి, ఇవి ఇద్దరు మనుషులవి అన్నాడట. నెలాఖరులోగా రుజువు తేకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామన్నాడట.

"ఆ బి పలుకుతారా అమ్మా?" అన్నాడు సూర్యారావు.

"లేదండి. ఎందుకుందో మా నాన్నగారికీ తెలీదు. ఇంటికి తిరిగి వెళ్లలేను బాబాయిగారూ. తమ్ముళ్లిద్దరి చదువూ నామీదే ఉంది."

సొంత బావమరిది పెళ్లికి సెలవు దొరకలేదన్న సూర్యారావు మర్నాడు అయిదు రోజులు సెలవు పెట్టి యానాం వెళ్లడానికి రైలెక్కాడు. పార్వతమ్మ పులిహోర కట్టి ఇస్తూ, "దారిలో ఎవరినీ అడక్కండి, దిగాల్సిన చోట దిగండి," అని హెచ్చరించింది. ఆయన విన్నట్టు లేదు. ఆరో రోజున వచ్చాడు, గడ్డం మాసి, కళ్లు పీక్కుపోయి, చంకలో ఒక కాగితం పెట్టుకుని.

"కూర్చో తల్లీ," అన్నాడు అన్నమ్మతో. "లెఫెవ్ర్ అంటే కమ్మరి. మీ చర్చి ఫాదరుగారు చెప్పారు. లాటిన్‌లో కమ్మరిని ఫాబెర్ అంటారట. వెనకటికి ఫ్రెంచి దేశంలో రాతగాళ్లు తమకు లాటిన్ వచ్చని చూపించుకోవడానికి ఆ బి అక్షరాన్ని తెచ్చి ఇందులో ఇరికించారు. రాసేవాళ్లు రాశారు, పలికేవాళ్లు పట్టించుకోలేదు."

"మరి ఆ పేరు మాకెలా వచ్చిందండి?"

"మీ ముత్తాత వీరాసామి యానాంలో కొలిమి పెట్టుకుని పడవలకు మేకులు చేసేవాడు. ఫ్రెంచి చట్టం కిందకు వచ్చేవాళ్లు ఇంటిపేరు ఒకటి ఎంచుకోవాలన్నారు ఆ రోజుల్లో. ఏం పెట్టమంటావని అడిగితే, నేను చేసే పనినే మీ భాషలో రాయండి అన్నాడట. దొర లేడు, గిర లేడు. నీ పేరు కొలిమిలో పుట్టింది."

అన్నమ్మ కాగితం అందుకుంది. బాప్తిస్మం రిజిస్టరు నకలు. వీరాసామికి బి ఉంది. అదే పేజీలో కొడుకు దగ్గర, ఇంకొకరి దస్తూరీలో, బి లేదు. కింద చర్చి ముద్ర. ఆమె చాలాసేపు ముత్తాత పేరు మీదే వేలు పెట్టుకుని కూర్చుంది.

నెలాఖరుకు ఇంక రెండు రోజులే. ముగ్గురూ తెలీబంధా వెళ్లారు. పార్వతమ్మ వెంట వెళ్లడానికి ఒకటే కారణం. రిక్షాలో మొగుడి చేత ఒట్టు వేయించుకుంది, ఆఫీసులో ఎవరినీ ఇంటిపేరు అడగనని.

హెడ్‌క్లర్కు నకలు తిరగేసి చూశాడు. "యే సబ్ ఠీక్ హై. లేకిన్ స్పెల్లింగ్ అలగ్, ఆద్మీ అలగ్," అని, స్పెల్లింగు వేరైతే మనిషీ వేరేనంటూ తోసేశాడు. అన్నమ్మ ముఖం పాలిపోయింది. సూర్యారావు పెదవులు కదిలాయి. పార్వతమ్మ మోచేత్తో పొడిచింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, అడగలేదు. బల్ల మీది పేరు పలకను చూశాడు. దాని పక్కనున్న రబ్బరు స్టాంపు తీసి తన అరచేతిలో ముద్ర వేసుకున్నాడు. చెయ్యి చాచాడు.

"దేవాంగన్ సాబ్, ఆప్‌కా బోర్డ్ మే డబ్ల్యూ హై, స్టాంప్ మే వి హై. ఆప్ దో ఆద్మీ హై క్యా?" అన్నాడు, బోర్డుకీ స్టాంపుకీ అక్షరం మారితే మీరూ ఇద్దరు మనుషులా అన్నట్టు.

పక్క బల్లల వాళ్లు పెన్నులు ఆపారు. హెడ్‌క్లర్కు పలకను చూశాడు, అరచేతిని చూశాడు, మళ్లీ పలకను చూశాడు. ముందు అటెండరు నవ్వాడు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. "నౌ సాల్ సే కిసీ నే నహీ దేఖా," అని, తొమ్మిదేళ్లుగా ఎవరి కంటా పడలేదే అని గొణుక్కుంటూ అన్నమ్మ ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. పేరు బితో రాయాలా, లేకుండానా అని అడిగాడు.

"బితోనే రాయండి. వీరాసామిగారు రాయించినట్టే," అంది అన్నమ్మ తెలుగులోనే. సూర్యారావు దాన్ని హిందీలో చెప్పాడు, కాస్త కొలిమి కూడా కలిపి.

అన్నమ్మ అక్కడినుంచే బడికి వెళ్లిపోయింది. మొగుడూ పెళ్లాం తెలీబంధా చెరువు గట్టు మీదుగా నడిచి వస్తున్నారు.

"ఏటండీ, ఈ అమ్మాయి ఒక్కదానికీ యానాం దాకా వెళ్లారు. మిగతా వాళ్లందరి చరిత్రా మీకెక్కడ దొరికింది?" అంది పార్వతమ్మ.

సూర్యారావు అరచేతి మీది ముద్రను రుద్ది తుడుచుకున్నాడు. "అన్నీ దొరకవే. దొరకనివి నేనే చెప్పీసేవాణ్ని," అన్నాడు.

"అయితే ఆ వంకాయ తోట?"

"ఎక్కడో ఉండే ఉంటుంది. ఊరు గాని ఊరొచ్చి బతుకుతున్నాం. ఇక్కడోళ్లకు మన పేర్లు నోరు తిరగవు, మనోళ్లకేమో నవ్వులాట. ఆ డాక్టరు తన పేరు తనే దాచుకుంటే ఎలాగే? అబద్ధమే అనుకో, ఎవరి తాతనీ దొంగని చెయ్యలేదు గదా. ఈ పిల్లకు మాత్రం కథ పనికిరాదు. ఉద్యోగం. నిజమే తేవాలి."

పార్వతమ్మ ఆగిపోయింది. ఆమె పుట్టింటి పేరు చీకటి. పెళ్లిచూపుల్లో ఆ మాట చెప్పాల్సివచ్చి, అందులోనూ తను చామనఛాయ అని, తల దించుకుంటే, ఈ మనిషే అందరి ముందూ అన్నాడు, వర్షపు రాత్రుల్లో దివిటీ పట్టి బాటసారులను ఏరు దాటించిన వాళ్లని చీకటివారంటారని. ఆ మాట పట్టుకునే ఆమె ఈయన్ని చేసుకుంది.

"మా పుట్టింటోళ్ల దివిటీ కూడానా?"

సూర్యారావు నడక పెంచాడు. "అది మాత్రం నిజం," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

పార్వతమ్మ ఒక్క ముక్క నమ్మలేదు. పైట సర్దుకుని, తల ఎత్తుకుని, ఆయన్ని దాటి ముందు నడిచింది.