దోమ కాని దోమ

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు, రెండు రెక్కలు చాలు. ఎనభైల చివర్లో బాపట్లలో పురుగుల శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్న నాకు లోకంలో మనుషులు రెండే రకాలుగా కనిపించేవారు. పురుగు రెక్కలు లెక్కపెట్టేవాళ్ళు, లెక్కపెట్టనివాళ్ళు. ఈగా దోమా రెండు రెక్కల జాతి. నల్లి జాతి వేరు; వాటిలో ఎగిరేవాటికి నాలుగు రెక్కలు, సూదిలాంటి ముక్కు, ఆ ముక్కుతో రసం పీల్చుకోవడం. ఇంత తేలిక విషయం. అయినా తెనాలిలో మా అమ్మ దగ్గర్నుంచి హాస్టల్లో వంటావిడ దాకా, చిన్నగా ఎగిరే ప్రతిదాన్నీ దోమే అనేవారు. అన్నిటికంటే నా ఒళ్ళు మండించింది వరి మొదళ్ళలో చేరి రసం పీల్చి చంపే సుడిదోమ. అది నల్లులకు చుట్టం. దానికి దోమ అని పేరు పెట్టిన మనిషి దొరికితే భూతద్దం చేతికిచ్చి కూర్చోబెడదామని ఉండేది. (పోనీ, నిజంగా దోమలకు చుట్టమైన పురుగొకటి అదే వరిలో ఉంది కదా, దాన్నైనా దోమ అంటారా? అనరు. అది పట్టిన పిలక ఉల్లికాడలా మారుతుందని ఉల్లికోడు అంటారు. ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోను?)

ఇలా ఉండగా భట్టిప్రోలులో వ్యవసాయం చేసే మా పెదనాన్న, చేలో దోమ తగిలినట్టుంది, అమ్మాయిని ఒకసారి వచ్చి చూసిపొమ్మనమని నాన్నతో కబురు చేశాడు. మా ఇంట్లో నా చదువుతో ఎవరికైనా పని పడటం అదే మొదలు. ఆదివారం పొద్దున్నే భూతద్దం మెళ్ళో వేసుకుని రైలు దిగాను. చేను పొట్ట దశలో పచ్చగా ఉంది. నీళ్ళు నిలిస్తే దోమ పెరుగుతుందని పెదనాన్న అప్పటికే గట్టుకి మడవ తెగ్గొట్టి నీళ్ళు తీసేస్తున్నాడు. పక్క చేను ఆయన్ని అడిగి మందు కొట్టే మిషను కూడా తెచ్చి గట్టున పెట్టాడు. చదువుకున్న పిల్ల ఒకమాట చెబితే మొదలెడదామని చూస్తున్నాడట. నేను దిగి దుబ్బులు విడదీసి చూశాను. మొదళ్ళనిండా గోధుమరంగు పురుగులు.

"దోమేనా అమ్మా?" అన్నాడు పెదనాన్న.

ఆ మాట వినగానే నాకు పూనకం వచ్చినంత పనైంది. "దోమ కాదు పెదనాన్నా" అని అందుకుని, ఒకదాన్ని అగ్గిపెట్టెలో పట్టి, భూతద్దం కింద నాలుగు రెక్కలూ లెక్కపెట్టించి, ముక్కు చూపించి, గట్టు మీద గడ్డి కోసుకుంటున్న ఇద్దరాడవాళ్ళని కూడా పిలిచి పాఠం చెప్పాను. (వాళ్ళు తమ కళ్ళకి ఆనడంలేదన్నారు. మళ్ళీ చెప్పాను.) పెదనాన్న చేతులు వెనక్కి కట్టుకుని బడిపిల్లాడిలా విన్నాడు. అయితే ఇది దోమ కాదంటావు, అని మళ్ళీ అడిగాడు. కానే కాదన్నాను. ఆయన మొహం తేటపడింది. అది జ్ఞానం కలిగిన ఆనందం అనుకున్నాను. ఇక మందు సంగతికొద్దామనుకుంటుండగా పెద్దమ్మ అన్నం చల్లారిపోతోందని కబురంపింది. గోంగూర పచ్చడి తినేసరికి తెనాలి వెళ్ళే పాసింజరు టైమైంది.

పదిరోజులకి నాన్న ఉత్తరం వచ్చింది, పెదనాన్న చేను మాడిపోతోందని. పరుగున వెళ్ళాను. చేలో అక్కడక్కడా ఎవరో గుండ్రంగా నిప్పు పెట్టినట్టు పైరు ఎండి పడిపోయి ఉంది. మడినిండా నీళ్ళు నిలబడి ఉన్నాయి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, ఆయన మీదే. నీళ్ళెందుకు పెట్టారని, మందెందుకు కొట్టలేదని గట్టు మీదే నిలదీశాను.

"నువ్వు దోమ కాదన్నావు కదమ్మా. అందుకే మడవ కట్టేసి, మిషను ఇచ్చేశాను" అన్నాడాయన, గొంతు పెంచకుండానే.

"నేనన్నది పేరు గురించి పెదనాన్నా."

"నేనడిగింది చేను గురించమ్మా."

అంత కోపమూ ఒక్కసారిగా నా మీదికే తిరిగింది. తిడితే బాగుండేది, ఆయన తిట్టలేదు. చుడీదారు మోకాళ్ళదాకా మడిచి బురదలోకి దిగాను. నీళ్ళు తీయించి, గాలీ వెలుతురూ తగిలేలా పైరులో పాయలు తీసి, మొదళ్ళు తడిసేలా మందు కొట్టించేసరికి రెండు రోజులు పట్టింది. గడ్డి కోసే ఆడవాళ్ళే సాయం పట్టారు. వాళ్ళలో పెద్దావిడ పాయ తీస్తూ, ఇంతకీ ఇది దోమేనా అమ్మాయిగారూ, అని అడిగింది. దోమేనండి, అన్నాను. సగానికి పైగా చేను నిలబడింది. మిగతాది గడ్డికి కూడా పనికిరాలేదు. పెదనాన్న ఆ ఏడంతా ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం అన్నం ముందు కూర్చుంటే అది గుర్తొచ్చేది.

ఇది జరిగిన ఏడెనిమిదేళ్ళకి రేపల్లెలో చుట్టాలింట్లో పెళ్ళి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి, నల్లుల, ఈగల వర్గీకరణ మీద పెద్ద పట్టా కూడా పుచ్చుకున్నాను. భోజనాల పంక్తిలో పెదనాన్న పక్కనున్న రైతుకి నన్ను చూపించి, మా అమ్మాయి దోమల మీద పెద్ద చదువు చదివిందండి, ఏదన్నా ఉంటే అడగండి, అన్నాడు గర్వంగా. నాలుగు రెక్కలూ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసి, చేలో నీళ్ళున్నాయా అండి అని అడిగాను. ఆ రైతు విస్తరి పక్కకు జరిపి తన చేను సంగతంతా చెప్పడం మొదలుపెట్టాడు. పెదనాన్న తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంటున్నాడు గాని, మీసాల కింద నవ్వు దాగలేదు. నాకూ నవ్వొచ్చింది. మెళ్ళో భూతద్దంతో లోకాన్ని సరిదిద్దబోయిన ఆ పిల్ల మీద జాలి కూడా వేసింది. పాపం, పేరు విషయంలో దానిదే న్యాయం.