గడ్డి ఖరీదులో మా మినుము

మా మేడమ్ గారు పోయారు. మొన్న పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారని వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. గుడివాడ డిగ్రీ కాలేజీలో నాకు ఎకనామిక్స్ చెప్పిన మేడమ్ ఆవిడ. రిటైరయ్యాక కోడూరు పక్కన ఉన్న మా ఊరికే వచ్చి స్థిరపడ్డారు. అది ఆవిడ పుట్టిన ఊరు కూడా. బాధ ఉంది, ఉండదా మరి! కానీ ఆవిడని తలుచుకుంటే నాకు ముందు ఛాతీ పొంగుతుంది, ఏడుపు ఆ తర్వాత వస్తుంది. కాబట్టి ఇది ఏడుస్తూ రాయడం లేదని మీకు ముందే చెబుతున్నాను.

ఆవిడకి ఒక జబ్బు ఉండేది. కంటికి కనిపించిన ప్రతిదానికీ తయారీ ఖర్చు కట్టాలి. పెళ్ళి భోజనంలో పులిహోర తింటూ "ఈ అన్నం ఉడకడానికి ఎన్ని కట్టెలు తగలేశారో" అనేవారు. చర్చిలో క్రిస్మస్ కేకు పంచితే ఓ ముక్క కొరికి, కళ్ళు మూసుకుని, "గుడ్లు కొన్నవి కావు, ఎవరింట్లోవో తెచ్చారు. వాటిని లెక్కలో వెయ్యలేదు కదూ?" అని కమిటీ పెద్దల్ని నిలదీసేవారు. ఆవిడ పక్కన కూర్చుని తినాలంటే మాకు ముద్ద దిగేది కాదు. క్లాసులోనూ ఇదే గోల. "ఊరికే వచ్చింది అన్నావంటే, ఎవరి దగ్గరో లాక్కున్నావన్నమాట" అన్నదే ఆవిడ చెప్పిన పాఠం మొత్తం. ఆ ముక్క రాసి నేను పరీక్ష గట్టెక్కాను. అర్థమవడానికి మాత్రం మా ఊరికి గడ్డి కంపెనీ రావాల్సి వచ్చింది.

అప్పటికి నేను మా ఊరి రైతుల సంఘానికి ప్రెసిడెంటుని. ఊళ్ళో గేదెలు తగ్గాయి. నూర్పిళ్ళయ్యాక మిగిలిన గడ్డికి ఏటా నిప్పు పెట్టేవాళ్ళం. అలాంటప్పుడు వరిగడ్డితో బాయిలర్లలో కాల్చే దిమ్మలూ, ప్యాకింగ్ అట్టలూ చేసే కంపెనీ ఒకటి వచ్చింది. వాళ్ళ ఇంజనీరు అబ్బాయి పంచాయతీ ఆఫీసు వరండాలో నిలబడి చక్కగా చెప్పాడు.

"కోత మిషను మేమే తెస్తామండీ. మీకు కోత ఖర్చు రూపాయి అవ్వదు. మిషను వెనకే బేలర్ దిగి గడ్డిని కట్టలు కట్టేస్తుంది. గడ్డి మాకు వదిలెయ్యండి చాలు. ఎలాగూ తగలబెట్టేదే కదండీ!"

ఒప్పందం కొన్నేళ్ళపాటు. సంతకం పెడితే వెనక్కి రాలేం. కోత ఫ్రీ అనేసరికి మావాళ్ళు అప్పుడే పెన్నులు వెతుక్కుంటున్నారు. అప్పుడు వెనక కుర్చీలోంచి మేడమ్ గారు లేచారు.

"బాబూ, గడ్డి తయారవడానికి మీకు ఏమేం ఖర్చులని రాసుకున్నారు?"

"డీజిలు, లారీ కిరాయి, మనుషుల జీతాలు. అంతేనండీ."

"మరి మినుము ఏదీ?"

మా ప్రాంతం కానివాళ్ళకి ఈ సంగతి చెప్పాలి. దివిసీమలో వరి ఇంకా కోయకముందే, ఆ తడి నేల మీద మినుములు చల్లేస్తాం. వరి కోసేసరికి కింద మొలక లేచి ఉంటుంది. అందుకే మా ఊళ్ళో చేతికోతే. మిషన్లు దిగితే మొలక నలుగుతుందని మాకు తెలియక కాదు.

"కాస్త నలుగుతుందిలెండి మేడమ్" అన్నాను.

"ఆ కాస్త ఎంతో చూద్దాం. ముందు మా చేలో దింపించు" అన్నారు.

"మన పంట పోతుందక్కా!" అని వాళ్ళ చెల్లెలు లబోదిబోమంది.

"పోతే పోనీవే. ఊరందరిదీ పోవడం కంటే చవక."

సగం చేలో మిషన్లు దిగాయి, సగం చేత్తో కోశారు. మంచు పట్టే రోజులకి చేత్తో కోసిన సగం పచ్చగా అల్లుకుంది. రెండో సగంలో చక్రాలు నడిచిన దారులూ, మలుపు తిరిగిన మూలలూ బోడిగా మిగిలాయి. ఇంజనీరు అబ్బాయి వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. మేడమ్ గారు కోప్పడలేదు. "నీ లెక్క తప్పు కాదు నాయనా, సగంలో ఆగింది. గడ్డి ఖర్చు నీ డీజిలు దగ్గర మొదలవదు, మా చేలో మొదలవుతుంది" అన్నారు.

ఆ వారమే మేడమ్ గారూ, నేనూ, ఇంజనీరు అబ్బాయీ బందరులో వాళ్ళ కంపెనీ ఆఫీసుకి వెళ్ళాం. మేడమ్ గారు గోనెసంచి విప్పి, పచ్చటి మినుము మొక్కల్నీ నలిగి ఎండినవాటినీ ఆ అద్దాల టేబులు మీద పక్కపక్కన పరిచారు. లెక్క మాత్రం ఇంజనీరు అబ్బాయితోనే చెప్పించారు. మేం చేత్తో కోసి, కుప్ప నూర్చిన చోట గడ్డి కొంటే కంపెనీకి ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఆ గడ్డి మట్టి అంటకుండా, బాగా ఎండి వస్తుంది, అట్టలకి పనికొస్తుంది. అట్టలకి వచ్చే ధర బాయిలర్ దిమ్మలకి ఎక్కడొస్తుంది? కంపెనీ పెద్దాయన ఎండిన మొక్కని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, సరేనన్నాడు. చేలో మిషను దిగదు. గడ్డికి ధర కడతారు. గేదెలకి కావలసింది ముందు తీసి, మిగిలిందే వాళ్ళకి.

గెలిచాం! అవనిగడ్డలో బస్సు మారుతూ నేను ఫోన్ చేస్తే, మేం దిగేసరికి సగం ఊరు డప్పులతో బస్టాపులో ఉంది. నేను బందరు లడ్డూ పెట్టె విప్పి మొదటిది ఆవిడ నోట్లో పెట్టాను. "నెయ్యి బాగా పోశాడురా, పాపం వీడికి ఏం మిగులుతుందో" అన్నారు. డప్పులవాళ్ళు కూడా వాయించడం ఆపి నవ్వారు.

అప్పటినుంచి మా ఊళ్ళో గడ్డికి ఎవరూ నిప్పు పెట్టలేదు. మినుము మానలేదు. పక్క ఊళ్ళవాళ్ళు ఏ కంపెనీతో మాట్లాడాలన్నా ముందు మా సంఘానికి వచ్చి "మీ మేడమ్ గారి లెక్క ఎలాగండీ?" అని అడుగుతున్నారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంది.

నిన్న సాయంత్రం సమాధి చేశాం. సమాధుల తోట ఆవిడ చేనుకి అవతలే. ఎవరు పోయినా పెట్టెని చేనుకి అడ్డంగానే మోసుకెళ్తాం, ఆ సమయంలో ఎవరూ ఏమీ అనుకోరు. ఇప్పుడు చేను నిండా మినుము పూత మీద ఉంది. ముందు నడుస్తున్న నేను చేను అంచున ఆగాను. ఎవరూ ఎందుకని అడగలేదు, అందరం గట్టు వైపు తిరిగాం. గట్టు ఇరుకు. ఒక పక్క మోసేవాళ్ళం గట్టు మీద నడిస్తే, రెండో పక్కవాళ్ళు గట్టు వెంటే ఉన్న బోదె కాలవ నీళ్ళలోకి దిగి, పెట్టె ఒరగకుండా చేతులు పైకెత్తి మోశారు. ఇంజనీరు అబ్బాయి బూట్లు విప్పేసి ఆ నీళ్ళలోనే ఉన్నాడు. వెనక ఊరంతా పాట పాడుతూ ఒకరి వెనక ఒకరు వచ్చారు.

మట్టి వేశాక వెనక్కి తిరిగి చూశాను. ఎండ వాలుతోంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా మినుము పసుపు పూతతో నిలబడి ఉంది. అంత జనం వచ్చినా ఆవిడ చేలో ఒక్క అడుగు జాడ లేదు.