శుక్రవారం దీపం పెట్టాక

2015లో ఆదిలాబాద్ నుంచి బదిలీ మీద కరీంనగర్ జిల్లాకు పబ్లిక్ హెల్త్ నర్సుగా వచ్చాను. పేరుకు నర్సునే గానీ సూది పట్టే పని తక్కువ. ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ శిక్షణ ఇవ్వడమే నా డ్యూటీ. ఆ ఏడు అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి చెప్పమన్నారు. ఒక్కటే మాత్ర. కలయిక తర్వాత మూడు రోజుల్లోపు మింగాలి, ఎంత తొందరగా మింగితే అంత మేలు. ఆడవాళ్లు ఆస్పత్రిదాకా రావడానికి సిగ్గుపడతారని ఆశాల ఇళ్లలోనే కొన్ని ఉంచేవాళ్లం.

మరమగ్గాల ఊరొకటి. శనివారం పొద్దున పీహెచ్‌సీ హాల్లో శిక్షణ. ఎవరికి ఇవ్వాలి, మింగాక వాంతి అయితే ఏం చేయాలి, ఏది అడిగినా టకటకా చెప్పేశారు. నాకు గర్వంగానే ఉంది. చివర్లో, ఈ మధ్య ఎవరైనా వచ్చి అడిగారా అన్నాను. సుజాత అనే ఆశా లేచింది.

"నిన్న మాపు మా వాడల ఒకామె వచ్చింది మేడం. బుధవారం రాత్రి నిరోధ్ చినిగిందట. ఇయ్యాల ఇంటికి పోంగనే ఇస్త."

నిన్ననే ఎందుకు ఇవ్వలేదని అడిగాను.

"నిన్న శుక్రారం గద మేడం. దీపం పెట్టినంక ఇంట్లకెల్లి ఎట్లిస్త?"

శుక్రవారం దీపాలవేళ ఇంట్లోంచి ఉప్పూ పాలూ బయటికివ్వరని తెలుసు. సర్కారు మాత్ర కూడా ఆ పట్టింపులోకి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇంకా ఎవరెవరు ఇవ్వరని అడిగితే చేతులన్నీ లేచాయి, ఏఎన్ఎంతో సహా. పక్క వాడ ఆశా షాహీన్ ఒక్కతే ఎత్తలేదు.

"నా దగ్గరికి తోలియ్యకపోతివి అక్కా, నేనిస్తుంటి గదా" అంది సుజాతతో.

సుజాతను పక్కకు పిలిచి ఎవరామె అని అడిగితే రాజేశ్వరి అంది. ఆమె కేసు నాకు తెలుసు. భర్త సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు. రెండు కాన్పులూ ఆపరేషన్లే, చిన్నదానికి ఏడాది నిండలేదు. ఒంట్లో రక్తం లేదని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వాయిదా వేశారు. ఇప్పట్లో మళ్లీ కడుపొస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

శిక్షణ అక్కడికక్కడే ఆపేసి, సుజాతను జీపెక్కించి మాత్ర తీసుకుని వెళ్లాను. ఇంటికి తాళం. శనివారమని అత్తతో కలిసి కొండగట్టు అంజన్న గుడికి పోయిందని పక్కింటామె చెప్పింది. ఆమెకు ఫోన్ లేదు. ఆ జనంలో ఎక్కడని వెతుకుతాం? అరుగు మీదే కూర్చున్నాం. సుజాత నా మొహం చూడలేదు.

పొద్దుగూకాక వచ్చారు. రాజేశ్వరి అత్త కంట పడకుండా వంటింట్లోకి పోయి మాత్ర మింగింది.

"నిన్ననే అడిగితి గదక్కా" అంది సుజాతతో. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఆమెకు నెల తప్పింది. జిల్లా ఆస్పత్రిలో గర్భం తీయించాల్సి వచ్చింది, రక్తం కోసం నానా తిప్పలు పడ్డాం. బతికింది. శుక్రవారమే ఇచ్చి ఉంటే తప్పకుండా పనిచేసేదని నేను ప్రమాణం చేయలేను, ఆ మాత్రకు అంత గ్యారంటీ లేదు. కానీ ఒక రాత్రీ ఒక పగలూ ఊరికే పోయాయి.

సుజాత శుక్రవారం పట్టింపు మానలేదు. నేనూ మానమనలేదు. ఆ వాడ మాత్రలు షాహీన్ ఇంట్లో కూడా పెట్టించాను, అంతే.

మాత్ర ఎప్పుడు మింగాలో నేర్పితే సరిపోదు, ఎప్పుడు ఇవ్వరో ముందు అడగాలి. ఆ తర్వాత ప్రతి శిక్షణలో నా మొదటి ప్రశ్న అదే. పదవీ విరమణకు ముందు మళ్లీ ఆదిలాబాద్ వేశారు. నేను ఏళ్ల తరబడి పనిచేసిన చోటు, నాకు తెలియనిది లేదనుకున్న చోటు. అక్కడా అడిగాను. అమావాస్య అన్నారు.