గొట్టంలో అద్దెకున్నవారు

మా మేనమామ పాత టెలిస్కోపుకు వెల కట్టే ముందు దాని తలుపు తడతాడు. టెలిస్కోపుకు తలుపు ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఇత్తడి గొట్టం మీద వేలి కణుపుతో మర్యాదగా తట్టి, చెవి ఆనించి, "లోపల ఎవరండీ?" అని అడుగుతాడు. జవాబు కోసం ఆగుతాడు. ఆయన ముఖం చూస్తే జవాబు వచ్చిందనే అనిపిస్తుంది. భయమంతా అక్కడే.

పాత టెలిస్కోపుల్లో అసలేదో, అతుకేదో తేల్చి, అమ్మకానికి విలువ చెప్పడం ఆయన వృత్తి. మేడ మీద పొడవాటి గది, దానికి ఒకే కిటికీ. గది నిండా ముక్కాలి స్టాండ్ల మీద తెల్లటి దుప్పట్లు కప్పుకుని నిలబడ్డ టెలిస్కోపులు. లోపల అడుగుపెడితే, అప్పటిదాకా ఏదో మాట్లాడుకుంటున్నవారు మనల్ని చూసి ఠక్కున నోరు మూసుకున్నట్టుంటుంది. బల్బు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియను ఆ దుప్పట్లను చూసి, నిచ్చెన వదిలేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ నిచ్చెనను మావయ్య నేటికీ వాడుకుంటున్నాడు.

నేను న్యాయశాస్త్రం చదివాను. యజమానులు మెడపట్టి గెంటే అద్దెదారుల పక్షాన కోర్టుల్లోనూ వీధుల్లోనూ పోరాడతాను. సరుకులో ఉన్న లోపాన్ని దాచడం మోసమని నాకు తెలుసు. లేని మనిషిని ఉన్నాడని చెప్పడం ఏ నేరం కిందికి వస్తుందో మాత్రం ఏ చట్టంలోనూ దొరకలేదు. దొరికి ఉంటే మా అమ్మ తమ్ముడని కూడా చూసేదాన్ని కాను.

"మావయ్యా, దయ్యముందంటే ఎవరు కొంటారు?"

"దయ్యమన్నానా? అద్దెకున్నారన్నాను. అద్దెవాళ్లని పట్టుకుని దయ్యాలంటావేంటే? నువ్వేం లాయరువి!"

ఒక సాయంత్రం నేను నర్సుగా పనిచేసే ఒకావిడను ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆమె తండ్రి ఈమధ్యే పోయారు. ఇల్లు నిలబెట్టుకోవడానికి మేము వేసిన దావా వీగిపోయింది. ఆ తీర్పు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆమె మారబోయే గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. తండ్రి టెలిస్కోపును ఆ పూటే అమ్మెయ్యాలి. బేరానికి మా వెంట వచ్చినవాడు దీపాలాయన. పాత ఇత్తడి గొట్టాలను కోసి, హోటళ్లకు బల్లదీపాలుగా మార్చి అమ్మడం ఆయన వ్యాపారం.

"తొందరగా కానివ్వండి సార్. నాకు గొట్టం చాలు, అద్దాలు మీరే ఉంచుకోండి" అన్నాడు దీపాలాయన.

నర్సు ముఖం పక్కకు తిప్పుకుంది.

మావయ్య తట్టాడు. "లోపల ఎవరండీ?" చెవి ఆనించాడు. గదిలో దుప్పట్లన్నీ ఊపిరి బిగబట్టాయి. తర్వాత ఆయన టార్చి వెలిగించి ముందు అద్దంలోకి చూశాడు. లోతులోంచి చిన్న చిన్న వెలుగులు, రెప్ప వేయని కళ్లలాగా, వరుసగా మమ్మల్ని తిరిగి చూశాయి.

"అద్దాలు రెండూ పుట్టినప్పటి జోడీయే. చట్రం మరలు ఎవరూ విప్పలేదు. స్టాండు కూడా దీనిదే, అతుకు కాదు. చుక్కల వెంట గొట్టాన్ని తిప్పే గడియార యంత్రం మాత్రం బిగుసుకుపోయింది" అన్నాడు మావయ్య. మళ్లీ చెవి ఆనించి గొంతు తగ్గించాడు. "పెద్దాయనది ఎడమచేతి వాటం. కళ్లజోడు తీసేవారు కాదు. మోకాళ్ల నొప్పులు. చివరికి కుర్చీలో కూర్చునే చూశారు. ఇప్పుడూ కూర్చునే ఉన్నారు."

నర్సు చెయ్యి ఛాతీ మీదికి పోయింది. "మా నాన్న మీకు తెలుసా?"

"ఇప్పుడే పరిచయమయ్యారు."

"ఎ... ఎక్కడ కూర్చున్నాడండీ?" అన్నాడు దీపాలాయన.

"మీ వెనకాల కాదులెండి. కాస్త పక్కగా."

"మరి గొట్టం కోస్తే?"

"కోసుకోండి, ఏమీ అనరు. మీరు దీపం వెలిగించినప్పుడల్లా భోంచేసేవాళ్ల ముఖాల్లోకి చూస్తుంటారు, అంతే. ఇన్నాళ్లూ దూరపువి చూసిన కళ్లు కదా, దగ్గరివి చూస్తే కొంచెం చిరాకు."

దీపాలాయన దిగిన వేగానికి మెట్ల మీద ఒక చెప్పు మిగిలింది. మావయ్య దాన్ని తెచ్చి నిచ్చెన పక్కన పెట్టాడు.

నాకు కోపం నషాళానికంటింది. "ఆవిడకున్న ఒక్క బేరాన్నీ తరిమేశావు! ఏ ఆధారంతో అన్నావా మాటలు? చూపించు!"

"చూడవే" అంటూ టార్చి వేసి ఒక్కొక్కటే చూపించాడు. ఫోకస్ చేసే మరల్లో ఎడమది అరిగి నున్నబడింది, కుడిదాని గాట్లు కొత్తగానే ఉన్నాయి. కన్ను ఆనించే చోట కళ్లజోడు గీసిన గీతలు. స్టాండు కాళ్ల మీద బిగింపు గుర్తులు ఏటికేడు కిందికి దిగుతూ వచ్చాయి. "ఓ మనిషి ఇంతకాలం అంటిపెట్టుకుని ఉంటే, అందులో కాపురం ఉన్నట్టు కాదా? నేను చెప్పేది అదే. కోసేవాళ్లొస్తే కొంచెం గట్టిగా చెబుతాను."

"మరి ఈవిడ గతి?"

అంతలో తలుపు చప్పుడైంది. ముగ్గురం బిగుసుకుపోయాం. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన తల లోపలికి పెట్టాడు.

"మా ఆవిడ ఉందాండీ?"

నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఎక్కడికి పోతారు? రండి, రండి" అంటూ మావయ్య ఒక దుప్పటి తీశాడు. లోపల అద్దంలా తళతళలాడే టెలిస్కోపు. డ్రైవరు దాన్ని కిటికీలోంచి సాయంత్రపు చందమామ వైపు తిప్పుకుని, కన్ను ఆనించి, తృప్తిగా నిట్టూర్చాడు. "సార్, ఈ మర వదులు చేశారా? బిగువుగానే ఉంచండి. వదులైతే మా ఆవిడ ఊరుకోదు."

నేను ఒక్కొక్క దుప్పటీ ఎత్తి చూశాను. దేని మీదా దుమ్ము లేదు. ప్రతి గొట్టానికీ అమ్మినవారి పేరు, మావయ్య ఇచ్చిన ధర రాసిన చీటీ కట్టి ఉంది. ఇన్నాళ్లూ అమ్ముడుపోని సరుకనుకున్నదంతా, చోటు లేక అమ్ముకున్నవారి నుంచి మావయ్య తానే కొని పెట్టినది. అదీ ఇత్తడి ధరకు కాదు, టెలిస్కోపు ధరకు. ఈయన ఎందుకు ఎప్పుడూ ఆ చిరిగిన చొక్కాలోనే ఉంటాడో నాకప్పుడు బోధపడింది.

నర్సు మెల్లగా అడిగింది. "బాబాయిగారూ, నాన్నకి ఇక్కడ చోటుందా?"

"కిటికీ పక్కన ఉందమ్మా. కుర్చీ కూడా వేస్తాను. డబ్బు ఈ పూటే ఇస్తాను. మీరెప్పుడైనా రావచ్చు. ఏమే లాయరమ్మా, అలా చూస్తావేంటి? కాగితం రాయి. ఈయన్ని ఖాళీ చెయ్యమనే హక్కు ఎవరికీ ఉండకూడదు. నాక్కూడా."

రాశాను. బతికున్న అద్దెదారుడికెవరికీ అంత పకడ్బందీ ఒప్పందం నేనింతవరకు సాధించలేదు. సంతకాలకు ముందు రెండో పక్షం సమ్మతి తీసుకోవడం న్యాయసూత్రం కనుక, కేవలం అందుకే, గొట్టం మీద వేలి కణుపుతో తట్టాను.

"లోపల ఎవరండీ? మీకు సమ్మతమేనా?"

బిగుసుకుపోయిన గడియార యంత్రం టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. గొట్టం నెమ్మదిగా, ఎవరో నడిపించినట్టు, కిటికీ వైపు తిరగసాగింది.

"నూనె బాగానే పట్టింది మావయ్యా" అన్నాను, గొంతు సవరించుకుని.

మావయ్య నా భుజం వెనక్కి జరిగాడు. "నేనింకా నూనె వెయ్యలేదే, అమ్మడూ."

నర్సు ఒక్కతే నవ్వింది. "మా నాన్నంతేనండీ. అడిగితే గానీ మాట్లాడడు."