సినిమా నటుడు ముయ్యికి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి చేలో తీసిన ఒక ఫొటోను మొన్నీమధ్య సోలార్ పార్కుకు పోయే రోడ్డు మీద నిలువెత్తు ఫ్లెక్సీ చేసి కట్టారు. అందులో మా ఊరి సినిమా నటుడు పంచె ఎగ్గట్టి, వేరుశనగ చెట్టునొకదాన్ని గుండెకు హత్తుకుని ఆకాశంలోకి చూస్తుంటాడు. ఆ చెట్టు వేర్లకు ఒక్క కాయ కూడా ఉండదు. వెనక ఆడకూలీలు వీపులు మనవైపు పెట్టి కూర్చుని ఉంటారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆయన పేరున సభ పెట్టారు. వక్త ఒకాయన ఆ వీపులను చూపించి, అంతటి నటుడు పక్కన నిలబడినా ఆ తల్లులు పనిలోంచి తల తిప్పలేదని, శ్రమ అంటే అదేనని గొంతు వణికించాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తల్లులు అప్పుడు ఏ పనీ చేయడం లేదు. కావాలనే అటు తిరిగారు. తిరగమన్నది మా అవ్వ.

ఆయన కూలి చేసుకునే ఇంట్లోనే పుట్టాడు, అది అబద్ధం కాదు. మొదట మా ఊరి బయలాటలో చెలికత్తె వేషం కట్టాడు. గొంతు బాగుందని ఒక నాటకాల కంపెనీ తీసుకుపోయింది. అక్కణ్ణుంచి మద్రాసు చేరాడు. సినిమాలో రిక్షావాడు కావాలన్నా, రాళ్ళు కొట్టేవాడు కావాలన్నా ఈయన్నే పిలిచేవారు. చిరుగుల చొక్కాను కూడా దర్జీ దగ్గర కొలతలిచ్చి చింపించుకుంటాడని ఊళ్ళో చెప్పుకునేవారు. ఏ వేదిక ఎక్కినా తాను కూలోళ్ళ బిడ్డనని, అదే తన గర్వమని మొదలుపెట్టేవాడు. గర్వం ఆయన పట్టుకుపోయాడు, కూలి మాత్రం వాళ్ళమ్మకు వదిలేశాడు. ఆమె మా అవ్వతో కలిసి రోజూ పనికి పోయేది.

మా దగ్గర ముయ్యి అని ఒక పద్ధతి ఉండేది. నేను నీ చేలో ఒక రోజు చేస్తే, నువ్వు నా చేలో ఒక రోజు చేయాలి. అంతా నోటిమాట మీదే నడిచేది. ఆ ఏడు వాళ్ళమ్మ చలిజ్వరంతో మంచం పట్టి ఎవరి చేలోకీ పోలేకపోయింది. కాబట్టి ఆమె చేలోకి ఎవరూ రావలసిన పని లేదు. ఆమెకున్న ఆ కాస్త చేలో వేరుశనగ పండిపోయింది. వాన తడి ఆరకముందే పెరికెయ్యాలి. నేల బిగిసిందంటే చెట్టు చేతికొస్తుంది, కాయ లోపలే ఉండిపోతుంది. ఆ పంట పోతే ఆమెకు ఏడాదంతా తిండికి కష్టం. అయినా నోరు తెరిచి పిలవలేదు. చేయని ముయ్యికి మనుషులను పిలవడం మా వాళ్ళలో అడుక్కోవడం కంటే తక్కువ. దానికి ఒకటే దారి ఉండేది. ఆ ఇంటి మనిషి ఇంకొకరు వచ్చి మొదటి సాలు పట్టుకుంటే, ఆ బాకీ ఆ మనిషి తీరుస్తాడని నమ్మి మిగిలినవాళ్ళు దిగవచ్చు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరి బడి ముందర ఆయనకు సన్మానం చేశారు. మెడ నిండా పూలదండలతో, ఈ మట్టి పిలిస్తే రేపే వచ్చి చేలో దిగుతానని అన్నాడు. అప్పుడే మంచం దిగిన వాళ్ళమ్మ వేదిక మీద లేదు. వెనక ఆడవాళ్ళ మధ్య కొంగు కప్పుకుని కూర్చుంది. చప్పట్లు ఆగకముందే మా అవ్వ లేచి నిలబడింది. మా నాయనకు తల్లి, కూలి గుంపుకు పెద్ద, ఎవరికీ జంకే మనిషి కాదు.

"అట్లయితే రేపు మీయమ్మ చేన్లో శెనక్కాయ పెరకాలప్పా. తెల్లారకముందే రా. నువ్వు సాలు పట్టుకుంటే మేమంతా దిగుతాము" అంది.

అంతమంది ముందు ఆయనకు కాదనే దారి లేదు. వస్తానన్నాడు, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మా వాళ్ళు పొరపాటు పడింది అక్కడే. వేదిక మీద అన్న మాటను ముయ్యి మాట అనుకున్నారు.

మర్నాడు కోడి కూసే వేళకే గుంపంతా వచ్చి చేను గట్టు మీద కూర్చుంది. వేరేచోట దొరికే కూలి వదులుకుని వచ్చారు. నేను మంచినీళ్ళ బిందె దగ్గర కూర్చున్నాను. పొద్దు పొడిచింది. ఎండ వచ్చింది. మన్ను తెల్లబడటం మా కళ్ళకే కనిపిస్తోంది. వాళ్ళమ్మ మాత్రం దారి వైపే చూస్తూ, "వస్తాడు, అందరి ముందర చెప్పినాడు కదా" అని ఎవరూ అడక్కుండానే అంటూ ఉంది.

పొద్దు బారెడెక్కాక కారు వచ్చింది. ముందు ఫొటోలు తీసే అతను దిగాడు, తర్వాత ఈయన దిగాడు. కొత్త పంచెకు మట్టి పూయడానికి ఒక మనిషిని కూడా తెచ్చుకున్నాడు. చెట్టు మొదలు పట్టి లాగాలన్న సంగతి ఆ చేలోనే పెరిగిన మనిషి మరిచిపోయాడు. కొన పట్టి లాగాడు. చెట్టు వచ్చింది, కాయలు నేలలో ఉండిపోయాయి. ఇంకోటి లాగాడు, ఇంకోటి లాగాడు. వాళ్ళమ్మ ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిపోయిన కాయలను వేళ్ళతో తవ్వుకుంటోంది. ఆ ముసలమ్మ అడ్డం వస్తోంది, పక్కకు జరగమనండి అన్నాడు ఫొటోలతను. ఆమె నా తల్లి అని ఈయన అనలేదు.

"కొంచెం జరుగు" అన్నాడు.

ఆమె జరిగింది. ఒళ్ళో కాయలు పడిపోకుండా కొంగు పట్టుకుని, ఫొటోలో పడనంత దూరం జరిగింది. ఇన్నేళ్ళయినా దాన్ని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడు ఫొటోలతను ఆడవాళ్ళందరినీ సారు వైపు చూసి నవ్వమన్నాడు. మా అవ్వ "అటు తిరగండే" అంది, గొంతు పెంచకుండానే. గుంపంతా ఒక్కసారిగా తిరిగి కూర్చుంది. ఫొటోలతనికి అదే బాగుందనిపించింది. పని అయిపోయింది, కారు వెళ్ళిపోయింది.

"వానికి యాడ తీరుతాదిలే అక్కా, పెద్దోడైనాడు" అని వాళ్ళమ్మే సర్దిచెప్పింది. మా అవ్వ చీర ఎగదోపుకుని మొదటి సాలు తనే పట్టుకుంది. ఈ దినం ముయ్యి తన పేర పెట్టుకోమని గుంపుకు చెప్పింది. గట్టిపడిన నేలను చిన్న పారలతో తవ్వుతూ పొద్దు గుంకే దాకా పెరికారు. చాలా కాయ లోపలే ఉండిపోయింది. చేతికొచ్చింది ఆమెకు ఆ ఏడు చాలలేదు. ఇంకా నీరసం తీరకముందే మళ్ళీ కూలికి పోయింది. తర్వాత చాలా రోజులు మా అవ్వ ఒక్కో ఇంటి చేలో ఆ ముయ్యి తీర్చింది.

ఇంటికి వస్తూ, నవ్వితే ఏం పోయేదని నేను అవ్వను అడిగాను.

"ఒక పూట మాతో వంగింటే నవ్వేదాన్నే. వట్టి చేతులతో వచ్చినోనికి నా మొగం నేనేల ఇయ్యాల?" అంది.

ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. పేదరికాన్ని మెడలో దండలా వేసుకుని మైకు ముందుకొచ్చే మనుషులను ఆ తర్వాత చాలామందిని చూశాను. వాళ్ళు ఎవరి కష్టం గురించి చెబుతున్నారో ఆ మనిషి ఆ పూట ఎక్కడుందో వెతకడం నాకు అలవాటైంది. మొన్నటి సభలోనూ అదే చేశాను. ఆ చేలో ఇప్పుడు సోలార్ ప్యానెళ్ళు ఉన్నాయి. వాటిని తుడిచే ఆడవాళ్ళను పని మాన్పించి తెచ్చి, జనం నిండుగా కనిపించాలని ఎండలో నిలబెట్టారు. నేను లేచి, ఆయన తల్లి పేరేమిటని వేదిక మీది వాళ్ళను అడిగాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకాయన మైకులోనే, "అది మీరే చెప్పండి తాతా" అన్నాడు.

నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే దానికీ చప్పట్లు కొడతారు.